హ్యాండిల్ విరిగిందంటే లోపల ఏదో బిగిసింది

పాత పికప్ బండి తలుపు హ్యాండిల్ ఒక్క రోజులో విరగదు. ముందు కాస్త వదులవుతుంది. తర్వాత్తర్వాత పూర్తిగా పైకి లేపితే గానీ తలుపు రాదు. ఇంకొన్నాళ్లకు గట్టిగా గుంజాల్సి వస్తుంది. అప్పటికే డ్రైవరు చెయ్యి దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. తలుపును మోకాలితో లోపలికి నొక్కుతాడు, హ్యాండిల్‌ను ఒక్క కుదుపుతో లాగుతాడు. కొత్తవాళ్లెవరైనా బండెక్కబోతే "అలా కాదన్నా, కొంచెం నొక్కి లాగాలి" అని నేర్పిస్తాడు కూడా. చివరికి ఏదో తెల్లవారుజామున, సరుకు దించే హడావిడిలో, హ్యాండిల్ టక్కుమని చేతిలోకి వచ్చేస్తుంది.

అప్పుడైనా బాగుచేయిస్తారా అంటే, చాలామంది చేయించరు. అద్దం సగం దించి ఉంచుతారు. బయట నుంచి చెయ్యి లోపలికి పెట్టి, లోపలి లివర్ లాగి తలుపు తీస్తారు. వాన పడితే సీటు తడుస్తుంది, దాని మీద గోనెపట్టా పరుస్తారు. టీ తాగడానికి దిగితే బండి కాగితాలన్నీ చేతపట్టుకుని దిగుతారు. కొందరు ఎడమ తలుపులోంచి ఎక్కి, గేర్ రాడ్డు మీదుగా జరిగి, కుడివైపు సీట్లోకి వస్తారు. మదనపల్లె టమాటా మార్కెట్ దగ్గరో, నూజివీడు మామిడి తోటల దారిలోనో కాసేపు నిలబడి చూడండి, ఇలాంటి బండి ఒకటైనా కనబడుతుంది. ఆ బండి ఇంజన్ బాగానే ఉంటుంది. టైర్లు కొత్తవే ఉంటాయి. మనిషి మాత్రం ఒక చిన్న ముక్క కోసం రోజూ ఒళ్లు వంచుకుని బతుకుతుంటాడు. సర్దుకుపోవడం మంచి గుణమే. కానీ బాగుచేయగలిగిన దానితో సర్దుకుపోవడం గుణం కాదు, అది మన ఓపికను ఊరికే తినేసే అలవాటు.

హ్యాండిల్ మార్చడం పెద్ద పనేం కాదు. తీరిగ్గా చేసుకుంటే ఒక పూట పని. అయితే హ్యాండిల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తది కూడా విరుగుతుంది. బయట నుంచి దెబ్బ తగిలితేనో, ప్లాస్టిక్‌దైతే ఎండకు పెళుసెక్కితేనో తప్ప హ్యాండిల్ తనంతట తాను విరగదు. లోపల ఎక్కడో బిగిసిపోయిన దాన్ని రోజూ లాగీ లాగీ అలిసి విరుగుతుంది. విరిగిన చోటు కళ్లకు కనబడుతుంది. విరగ్గొట్టింది కనబడదు. ఇంట్లోనైనా, ఆఫీసులోనైనా, ఒంట్లోనైనా మనం చేసే మరమ్మతులు చాలావరకు కనబడిన చోటే ఆగిపోతాయి. కనబడని చోటిదాకా వెళ్లే అలవాటును ఈ అధ్యాయంలో ఒక తలుపు మీద నేర్చుకుందాం. తలుపు మంచి గురువు. పని సరిగ్గా చేశారో లేదో అప్పటికప్పుడే చెప్పేస్తుంది, మొహమాటపడదు.

ముందు తలుపు లోపల ఏముందో మనసులో బొమ్మ కట్టుకోవాలి. పాత పికప్పుల్లో ఎక్కువగా, కింద నుంచి వేళ్లు పెట్టి పైకి లేపే రెక్క ఉంటుంది. అది ఒక సన్నటి పిన్ను మీద తిరుగుతుంది. రెక్క లేచినప్పుడు దాని వెనకున్న చిన్న లివర్ కదులుతుంది. ఆ లివర్‌కు తగిలించిన రాడ్డు, పెన్సిల్ కంటే సన్నటి ఇనప ఊచ, తలుపు అంచున ఉన్న లాక్ దాకా వెళ్తుంది. లాక్‌లో రెండు ముఖ్యమైన ముక్కలు. పీత డెక్కలా నోరు తెరిచి ఉండే కొక్కెం ఒకటి, అది తిరిగి తెరుచుకోకుండా అడ్డుపడే చిన్న నాలుక ఒకటి. తలుపు వేసినప్పుడు బండి స్తంభానికి బిగించిన స్ట్రైకర్ ఈ కొక్కెంలోకి దూరి దాన్ని తిప్పుతుంది. నాలుక వచ్చి అడ్డు పడుతుంది. మొదటి టిక్కుకు తలుపు సగం పడుతుంది, రెండో టిక్కుకు పూర్తిగా. మీరు హ్యాండిల్ లేపినప్పుడు రాడ్డు చేసేదల్లా ఆ నాలుకను పక్కకు తప్పించడమే.

ఆ రెండు టిక్కులు ఊరికే పెట్టినవి కావు. మొదటిది వెనకుండి కాపాడే మెట్టు. తలుపు సరిగ్గా పడకపోయినా ప్రయాణంలో ఊడి తెరుచుకోకుండా ఆపుతుంది. అమెరికాలో 1968 నుంచి అమల్లో ఉన్న 206వ నంబరు వాహన భద్రతా ప్రమాణం తలుపుల లాక్‌ల గురించే. పూర్తిగా పడిన లాక్ బండి పొడవు దిశలో 11,000 న్యూటన్ల లాగుడుకు ఆగాలని, సగం పడినది 4,450 న్యూటన్లకు ఆగాలని అది చెబుతుంది. మొదటి అంకె అంటే ఒక టన్నుకు పైగా బరువును వేలాడదీసినంత. ఇతర దేశాల్లోనూ లాక్‌లను ఇంచుమించు ఇలాంటి బలానికే తయారుచేస్తారు. అంత బలమైన లాక్‌ను తెరవడానికి రెండు వేళ్ల బలం చాలాలి. అందుకోసం హ్యాండిల్‌నూ రాడ్డునూ తేలికగా చేస్తారు. కాబట్టి లాక్ ఎండిపోయి మొరాయించిందంటే విరిగేది లాక్ కాదు, హ్యాండిలే. వరసలో బలహీనమైన చోటే తెగుతుంది. తప్పు అక్కడిదే కానక్కర్లేదు.

విరిగిన ముక్కను పారేయకండి. వెలుతురులోకి తెచ్చి విరిగిన ముఖం వైపు చూడండి. పాత హ్యాండిళ్లు చాలావరకు జింక్ మిశ్రమంతో పోత పోసినవి, పైన నల్ల రంగో మెరుపు పూతో ఉంటుంది. ఈ లోహాన్ని ఏ ఆకారంలోకైనా సులువుగా పోయవచ్చు. కానీ పదేపదే వంచే బలం పడితే పిన్ను దూరే చెవి దగ్గర పగులు పుడుతుంది. విరిగిన ముఖమంతా బూడిద రంగులో, ఉప్పు గింజల్లాంటి పలుకులతో తాజాగా మెరుస్తుంటే అది ఒక్కసారిగా విరిగింది. ఒక అంచున నల్లగా మురికి పట్టి, మిగతా భాగం మాత్రమే మెరుస్తుంటే పగులు ఎప్పుడో మొదలైందన్నమాట. ఇన్నాళ్లూ మిగిలిన కాస్త లోహమే బరువంతా మోసింది. ప్లాస్టిక్ హ్యాండిల్ అయితే ఎండకు పెళుసెక్కి ఉంటుంది. పైన సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉంటే అదే కారణం. ఈ ఒక్క చూపుతో మీకు సగం కథ తెలిసిపోతుంది. అందుకే విరిగింది కదా అని వెంటనే కొత్తది కొనడానికి పరుగెత్తడం కంటే, ఆ ముక్కతో కాసేపు కూర్చోవడం నాకు ఎక్కువ ఇష్టం.

మిగతా సగం కథను తలుపే చెబుతుంది. లోపలి లివర్‌తో తలుపు తీసి, తెరిచి ఉంచండి. ఒక స్క్రూడ్రైవర్ మొనతో లాక్‌లోని కొక్కేన్ని, తలుపు పడినప్పుడు తిరిగే దిక్కులో, నెట్టండి. టిక్, టిక్ అని రెండు మెట్లూ పడాలి. ఇప్పుడు లోపలి లివర్ లాగండి. కొక్కెం చప్పున తెరుచుకుంటే లాక్ ఆరోగ్యంగా ఉన్నట్టే. బద్ధకంగా, సగంలో ఆగుతూ కదిలితే లాక్ ఎండిపోయింది. పాత గ్రీజు, రోడ్డు దుమ్ము కలిసి జిగురులా పేరుకుపోయి ఉంటుంది. ఇక తలుపు తెరిచి ఉన్నప్పుడు లాక్ హాయిగా పనిచేసి, మూసినప్పుడు మాత్రమే బిగుసుకుంటుంటే జబ్బు లాక్‌ది కాదు. తలుపు వాలింది. తెరిచిన తలుపును చివర పట్టుకుని పైకీ కిందికీ ఎత్తి చూడండి. మడత బందుల దగ్గర లొడలొడమంటే వాటి పిన్నులు అరిగాయి. తలుపు బరువు స్ట్రైకర్ మీద పడి, కొక్కెం నాలుకను గట్టిగా అదుముతోంది. మోకాలితో నొక్కితే గానీ తలుపు రాకపోవడానికి కారణం ఇదే. మోకాలు పెట్టినప్పుడు ఆ అదుము తగ్గుతుంది. డ్రైవరుకు తెలియకుండానే అతని మోకాలు రోగాన్ని కనిపెట్టేసిందన్నమాట.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు విన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. కూరగాయల పికప్ తెచ్చిన కుర్రాడు ఇంజన్ ఆపకుండానే అరిచాడు. "బాబాయ్, కొత్త హ్యాండిల్ తెచ్చాను. వేసెయ్. మార్కెట్ టైమైపోతోంది."

పెద్దాయన హ్యాండిల్ వైపు చూడనే లేదు. తలుపు తీసి, వేసి, మళ్లీ తీశాడు. "పోయినసారి ఎప్పుడు వేయించావురా?"

"వానాకాలంలో."

"మరి ఇది విరిగితే మళ్లీ వస్తావు, నన్ను తిడతావు. ముందు ఆ బండి ఆపు. లాక్ సంగతి చూద్దాం."

కుర్రాడు గొణుక్కుంటూనే ఇంజన్ ఆపాడు. పెద్దాయన లాక్‌ను కడిగి, గ్రీజు పెట్టి, స్ట్రైకర్ మరలు వదులు చేసి, దాన్ని పిసరంత కిందికి జరిపి బిగించాడు. తర్వాతే హ్యాండిల్ డబ్బా విప్పాడు. పని చేతనైనవాడికీ, పని కానిచ్చేవాడికీ ఉన్న తేడా ఆ వరసలోనే ఉంది. మొదట అడగాల్సింది "ఏం మార్చాలి" అని కాదు, "ఇది ఎందుకిలా అయింది" అని. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా చేతిలోని కొత్త వస్తువును పక్కన పెట్టగల ఓర్పును నేను తెలివి కంటే ఎక్కువగా గౌరవిస్తాను.

ఇక కొనడం. కుడి తలుపు హ్యాండిల్ ఎడమ తలుపుకు పట్టదు. తాళం రంధ్రం ఉన్నది, లేనిది వేరువేరుగా దొరుకుతాయి. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్ముడైన బండికి మధ్యలో హ్యాండిల్ నమూనా మారి ఉండవచ్చు. కాబట్టి మోడల్ సంవత్సరం చెప్పడంతో సరిపెట్టకుండా పాత ముక్కను దుకాణానికి పట్టుకెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి బోల్టుల మధ్య దూరం, వెనక లివర్ తిరిగే దిక్కు, రాడ్డు దూరే రంధ్రం పోల్చుకోండి. రాడ్డును లివర్‌కు పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ క్లిప్పును కూడా కొనండి. ధర లెక్కలోకి రాదు, కానీ పాతది ఎండిపోయి ఉంటుంది, తీయబోతే విరుగుతుంది. అది లేక ఎందరో బైండింగ్ వైరుతో చుట్టేస్తారు. వైరు కొన్నాళ్లకు సాగుతుంది, రాడ్డు జారుతుంది, తలుపు మళ్లీ మొరాయిస్తుంది. తలుపును లోపలి వైపు కప్పే డోర్ ప్యాడ్‌కు అంచుల్లో ఉండే ప్లాస్టిక్ బటన్లు కూడా నాలుగైదు తెచ్చుకుంటే మంచిది.

పని మొదలుపెట్టే ముందు అద్దం పూర్తిగా పైకి ఎక్కించండి. అద్దం కిందికి దిగి ఉంటే హ్యాండిల్ వెనక చెయ్యి పట్టదు. అద్దం తిప్పే పిడికి నడుమ మూత కింద మర ఉంటే విప్పేయవచ్చు. మర లేకపోతే పిడి వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. దాన్ని తీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు అక్కర్లేదు. పిడికీ ప్యాడ్‌కూ మధ్య ఒక పాత గుడ్డ పీలిక దూర్చి, రెండు చివరలూ పట్టుకుని అటూ ఇటూ లాగండి. గుడ్డ క్లిప్పు కొనను పట్టుకుని దాన్ని బయటికి తోస్తుంది. రెండో చేత్తో క్లిప్పును కాచుకోకపోతే అది ఎగిరిపోతుంది. చెయ్యి ఆనించే పట్టీ మరలు, లోపలి లివర్ చుట్టూ ఉన్న చట్రం మర విప్పి, ఆ తర్వాత ప్యాడ్ అంచును బటన్ల దగ్గర మాత్రమే ఎత్తుతూ రండి. బటన్‌కు దూరంగా ఎత్తితే ప్యాడ్ అట్ట చిరుగుతుంది. పవర్ విండో బండి అయితే ముందుగా బ్యాటరీ తీగ తీసేసి, ప్యాడ్ వెనక వైర్ల కనెక్టర్లను జాగ్రత్తగా విడదీయాలి. ఏ మర ఎక్కడిదో విప్పక ముందే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

ప్యాడ్ తీయగానే ఒక ప్లాస్టిక్ పట్టా కనబడుతుంది. దీన్ని చాలామంది చింపి పారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాన నీళ్లు అద్దం వెంబడి తలుపు లోపలికి దిగడం మామూలే, బండి తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. అలా దిగిన నీళ్లు కింద అంచున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఈ పట్టా ఆ నీటిని క్యాబిన్‌లోకి రానివ్వకుండా ఆపుతుంది. పట్టా పోతే ప్యాడ్ అట్ట తడిసి ఉబ్బుతుంది, బటన్లు నిలవవు, కాళ్ల దగ్గర తడి చేరుతుంది. దాన్ని జిగురు దగ్గర నెమ్మదిగా ఒలిచి, సగం దాకా మడిచి టేపుతో పట్టి ఉంచితే చాలు. ఎలాగూ తలుపు తెరిచారు కాబట్టి కింది రంధ్రాల్లో సన్నటి పుల్ల పెట్టి మట్టి తీసేయండి. మచిలీపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగే బండి తలుపులు కింది నుంచి తుప్పు పట్టిపోవడానికి ఉప్పు గాలి ఒక్కటే కారణం కాదు. మూసుకుపోయిన ఈ రంధ్రాల్లో నిలిచిన నీళ్లు కూడా కారణమే.

ఇప్పుడు హ్యాండిల్. లోపలి రేకు అంచులు బ్లేడుల్లా ఉంటాయి, చేతికి తొడుగు వేసుకోండి. టార్చి వెలుతురులో చూస్తే హ్యాండిల్ వెనక రెండు నట్లో బోల్టులో కనబడతాయి. చాలా బండ్లకు 6 మిల్లీమీటర్లవి, 10 నంబరు పానా పడుతుంది. ముందు రాడ్డును విడదీయాలి. ఇక్కడ క్షణం ఆగండి. క్లిప్పును లాగకూడదు, తిప్పాలి. రాడ్డును పట్టి ఉన్న ప్లాస్టిక్ నాలుకను వేలితో నెట్టి, క్లిప్పును రాడ్డు చుట్టూ పక్కకు తిప్పితే అది దాన్ని వదిలేస్తుంది. అప్పుడు రాడ్డు కొన రంధ్రంలోంచి తేలిగ్గా బయటికి వస్తుంది. చీకట్లో, కళ్లకు కనబడని చోట, వేలి కొసలతో చేయాల్సిన పని ఇది. తొందరపడితే క్లిప్పు విరిగి తలుపు అడుగున పడుతుంది. దారానికి కట్టిన అయస్కాంతంతో ఇనప ముక్కలు పైకి వస్తాయి గానీ ప్లాస్టిక్ ముక్క రాదు.

పాత హ్యాండిల్‌లో తాళం సిలిండర్ ఉంటే దాన్ని కొత్తదానిలోకి మార్చుకోవచ్చు. అలా చేయకపోతే ఇంజన్‌కు ఒక తాళంచెవి, తలుపుకు ఒకటి అవుతాయి. కొత్త హ్యాండిల్‌ను అమర్చి నట్లను ముందు చేతి వేళ్లతోనే ఎక్కించండి. రెక్క చుట్టూ సందు సమానంగా ఉందో లేదో బయట నుంచి చూసి, ఆ తర్వాత పానాతో బిగించండి. ఇక్కడ బలం చూపించకూడదు. పోత లోహంలోనో ప్లాస్టిక్‌లోనో ఉన్న థ్రెడ్డు ఒక్క చుట్టు ఎక్కువైనా పోతుంది.

రాడ్డు తగిలించాక సర్దుబాటు. ఈ అధ్యాయంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి. చాలా బండ్లలో రాడ్డు కొన మీద మరలుంటాయి, క్లిప్పును తిప్పుతూ పొడవు పెంచవచ్చు, తగ్గించవచ్చు. హ్యాండిల్ లేపడం మొదలుపెట్టినప్పుడు మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఊరికే కదలాలి, ఆ తర్వాతే లాక్ బరువు వేలికి తెలియాలి. ఆ ఊరక కదిలే జాగా మరీ ఎక్కువగా ఉంటే రెక్క పూర్తిగా లేచినా తలుపు రాదు. మీరు ఇంకాస్త గుంజుతారు, కొత్త హ్యాండిల్ పాతదాని దారి పడుతుంది. అసలు జాగానే లేకపోతే మరింత ప్రమాదం. హ్యాండిల్ ముట్టుకోకుండానే రాడ్డు నాలుకను సగం తప్పించి ఉంచుతుంది. అలాంటి తలుపు గుంతలో పడ్డ కుదుపుకు తెరుచుకోవచ్చు. తేలిగ్గా తెరుచుకుంటోంది కదా అని మురిసిపోతాం గానీ, అతి తేలిక కూడా లోపమే. కొంచెం వదులు, కొంచెం బిగువు, రెండూ తగుపాళ్లలో కుదిరేదాకా ఒక్కో చుట్టు తిప్పుతూ చూడాలి. మనుషులతో పనిచేసేవాళ్లకు కూడా ఈ కొలత పనికొస్తుంది. కింద పనిచేసేవాళ్లకు ఊపిరి తీసుకునే జాగా లేకుండా పట్టు బిగించినవాళ్లనూ, అసలు పట్టే లేకుండా వదిలేసినవాళ్లనూ చూశాను. రెండు చోట్లా పని చెడింది.

తలుపు వేసేయాలని చెయ్యి ఊరుకోదు. ఇంకా వేయకండి. తెరిచి ఉన్న తలుపులోనే మళ్లీ స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని రెండు మెట్లూ పడేయండి. బయటి హ్యాండిల్ లేపండి, తెరుచుకోవాలి. మళ్లీ పడేసి లోపలి లివర్‌తో చూడండి. తర్వాత తాళంచెవితో, ఆ తర్వాత లోపలి లాక్ బటన్‌తో చూడండి. నాలుగూ పలికాకే తలుపు వేయాలి. రాడ్డు ఎక్కడైనా జారి ఉండగా తలుపు పడిందంటే ఇక అది లోపల నుంచీ రాదు, బయట నుంచీ రాదు. మూసిన తలుపు ప్యాడ్ విప్పడం అనుభవజ్ఞులకు కూడా నరకమే.

లాక్‌కు నూనె పెట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టగానే తలుపు వెన్నలా పనిచేస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. అది తుప్పునూ మురికినీ వదిలించడానికి బాగా పనికొస్తుంది గానీ ఎక్కువ కాలం నిలవదు. దానితో కడిగి, గుడ్డతో తుడిచి, కొక్కెం మీదా నాలుక ఇరుసు దగ్గరా పల్చగా లిథియం గ్రీజు రాయండి. దిట్టంగా పట్టిస్తే దుమ్మంతా అక్కడే చేరుతుంది. హ్యాండిల్ పిన్నుకు ఒక చుక్క, మడత బందులకు రెండు చుక్కలు నూనె చాలు. స్ట్రైకర్ జరపాల్సి వస్తే ముందు దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోండి. ఎంత జరిపారో తెలుస్తుంది, కుదరకపోతే మొదటి చోటికి తేవచ్చు. మడత బందుల పిన్నులు బాగా అరిగి ఉంటే మాత్రం స్ట్రైకర్‌తో సరిపెట్టకుండా టింకరింగ్ పని తెలిసినవాళ్లకు అప్పగించండి. బరువైన తలుపును ఒంటరిగా విప్పబోవడం మంచిది కాదు.

లోపలి లివర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బయటి హ్యాండిల్ విరిగితే ఇబ్బంది, లోపలిది విరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రోడ్లు మైళ్ల కొద్దీ కాలవ గట్ల వెంబడే నడుస్తాయి. బండి అదుపు తప్పి నీళ్లలోకి ఒరిగినా, ఇంజన్ దగ్గర పొగ లేచినా బయటపడే దారి ఆ లివరే. బయటి హ్యాండిల్ లేదని రోజూ లోపలి లివర్‌నే అద్దంలోంచి వంకరగా గుంజేవాళ్లు, తమను కాపాడాల్సిన దాన్నే అరగదీస్తున్నారు. ఎడమ సీట్లో కూర్చునే హమాలీకో, రైతుకో, ఆయన భార్యకో మీ తలుపు కిటుకు తెలియదు. బండి మీదే కావచ్చు, అందులో ఎక్కేవాళ్లందరి బాధ్యతా మీదే. ఎనిమిదేళ్లు దాటిన సరుకు రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కాబట్టి ముందు రోజు సాయంత్రం హడావిడిగా అన్నీ సరిచేయించడం మామూలైపోయింది. అధికారి చూస్తాడని చేసే పనికీ, పక్కన కూర్చునే మనిషి క్షేమం కోసం చేసే పనికీ నాణ్యతలో తేడా వస్తుంది. నిజంగా వస్తుంది.

ప్లాస్టిక్ పట్టాను మళ్లీ జిగురు మీద నొక్కి అతికించండి. జిగురు ఎండిపోయి ఉంటే రెండు వైపులా అంటుకునే బ్యూటైల్ టేపు వాడవచ్చు. ప్యాడ్ పై అంచును ముందు తగిలించి, తర్వాత బటన్లను అరచేత్తో ఒక్కొక్కటిగా కొట్టండి. అద్దం పిడి పెట్టేటప్పుడు స్ప్రింగు క్లిప్పును ముందే పిడికి తొడిగి, ఇరుసు మీద పెట్టి ఒత్తితే టప్పున కూర్చుంటుంది. అద్దాన్ని ఒకసారి పూర్తిగా దించి, ఎక్కించి, రాడ్డుకు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

పానాలు ఎలాగూ బయటే ఉన్నాయి. అదే పూట ఎడమ తలుపు కూడా తీసి స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి. అదే దుమ్ములో, అదే ఎండలో, అన్నేళ్లూ తిరిగిన తలుపది. ఇంకా విరగలేదంతే. కొక్కెం బద్ధకంగా కదిలితే కడిగి గ్రీజు పెట్టండి. ఒక వారం తిరిగాక కొత్త హ్యాండిల్ నట్లు మళ్లీ ఒకసారి చూడాలంటే ప్యాడ్ విప్పాల్సిన పనిలేదు. రెక్కను పట్టుకుని అటూ ఇటూ కదపండి. రేకు మీద ఏమాత్రం ఆడినా నట్లు వదులైనట్టు, ఆడకపోతే ఆ తలుపు పని పూర్తయినట్టు.